ఎగువ హద్దు

వెస్ట్‌పోర్ట్‌లో రగ్బీ మైదానం పక్కన
మా ట్రక్కు ఆగిందంటే వాన మొదలైనట్టే.
లోపల ఒక ఎక్స్‌రే యంత్రం, రెండు కుర్చీలు,
బట్టలు మార్చుకోవడానికి ఒక తెర,
నా బల్ల మీద కంప్యూటర్‌లో ఒక గడి:
పుట్టిన తేదీ.

పదకొండేళ్లుగా నా ఉద్యోగం ఆ గడే.
నలభై అయిదు నిండితే తలుపు తీస్తాను.
డెబ్బై వస్తే నవ్వుతూ మూస్తాను.
ఎలా నవ్వాలో ట్రైనింగ్‌లో నేర్పారు.

రెండేళ్ల కింద ఐల్సా మెకెండ్రీ వచ్చింది,
తొడల దాకా రబ్బరు బూట్లు,
చేతిలో బకెట్, బకెట్‌లో
గాజుముక్కల్లా చిన్న చేపలు.
అంకెలు కొట్టాను. గడి ఎర్రబడింది.
"డెబ్బై నిండి పన్నెండు రోజులైంది" అన్నాను,
చంటిబిడ్డ వయసు చెప్పినట్టు.

"పన్నెండు రోజుల కింద బుల్లర్ నది పొంగి
రోడ్డు మూసేశారు కదమ్మా.
రావలసిన రోజుకి రానిది మీ ట్రక్కు.
నేను ఇక్కడే ఉన్నాను."

నా దగ్గర జవాబు లేదు. గడి దగ్గరా లేదు.

"అయితే నా రొమ్ములకి రిటైర్మెంట్ ఇచ్చేశారన్నమాట.
మరి వాటికి పెన్షన్ వస్తుందా?"
కుర్చీల్లో ఉన్న ఇద్దరూ పకపకా నవ్వారు.
నెల్సన్‌లో డబ్బు కట్టి తీయించుకోవచ్చని
ఒక కాగితం ఇచ్చాను.
మూడున్నర గంటల దారి, మలుపులన్నీ కొండలమీదే.
ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి
బకెట్ మూత కింద దోపింది,
నీళ్లు చిందకుండా.

ఆ రాత్రి మోటెల్‌లో టోస్ట్ కొరుకుతూ అన్నాను:
జబ్బు పుట్టిన తేదీ అడుగుతుందా?
"అడుగుతుంది" అంది టెపోరా, మా రేడియోగ్రాఫర్.
"వయసు పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా అడుగుతుంది.
మనం తలుపు మూసిన దగ్గరే
అది తట్టడం ఎక్కువ చేస్తుంది."
కాసేపాగి మళ్లీ తనే అంది:
"కొన్ని గడ్డలు మనిషితో పాటే ముసలివై
ఏ హానీ చేయకుండా పోతాయి.
అలాంటివాటిని కూడా వెతికి కోసేస్తాం మనం.
గీత ఎక్కడ గీయాలో
నన్ను అడగనందుకు సంతోషం."
లైటు ఆర్పేసి అటు తిరిగి పడుకుంది.
నాకు మాత్రం చేపల వాసన.

ఈ వసంతంలో గీత జరిగింది.
పండగేమీ లేదు.
సోమవారం పొద్దున కంప్యూటర్ తనంతట తనే
ఆగి, మళ్లీ వెలిగింది, అంతే.
డెబ్బై నాలుగు దాకా.
ఒక్కొక్క జిల్లాకీ ఒక్కొక్క నెలలో,
ఎవరు ముందో, ఎవరు వెనకో
అదీ ఒక వరుసే.

మా వంతు రాగానే మొదట ఆమెకే ఫోన్ చేశాను.
పన్నెండుసార్లు మోగింది.
మోగుతున్నంతసేపూ ఏమనుకున్నానో రాయను.
"ఏటి దగ్గరున్నాను, తొందరగా చెప్పు" అంది.
చెప్పాను.
"అంటే ఇప్పుడొకసారి, రోడ్లు కొట్టుకుపోకపోతే
మరోసారి. సరే.
శుక్రవారం వద్దు, ఆ రోజు ఆటు బావుంటుంది."

గురువారం వచ్చింది.
అదే బూట్లు. గడి పచ్చగా ఒప్పుకుంది.
టెపోరా తెర పట్టుకుని పిలుస్తోంది.
ఐల్సా కదలదు.

వెనకాల మెట్టు మీద
ప్లాస్టిక్ రెయిన్‌కోటులో ఒక సన్నటి మనిషి,
వానంతా ఆమె మీద నుంచే కారుతున్నట్టు.
"హెట్టీ ప్రౌజ్. మా పక్కింటామె.
ఊరికే, తోడుగా వచ్చింది" అంది ఐల్సా.
"డెబ్బై ఆరు" అంది హెట్టీ, ఎవరూ అడక్కుండానే,
బూట్లు తుడుచుకుంటూ.
అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి.

గడి ఖాళీగా ఉంది.
అందులో చిన్న గీత ఒకటి వెలిగి ఆరుతోంది,
వెలిగి ఆరుతోంది.
"లోపలికి రండి, తడుస్తున్నారు" అన్నాను.
అంతవరకు చెప్పడానికి
ఏ వయసూ అడ్డు లేదు.